ఆఖరి గుర్రానికి మొదటి చెంబు

నా నీళ్లు చెడ్డవని మైకులో చెప్పారు. నా నీళ్లు చెడ్డవి కావు.

ఇరవై రెండేళ్ల కిందట, శ్రీరామనవమి మర్నాడు, ఉద్దానంలో ఒక ఊరి గుర్రపు పందేల దగ్గర పదకొండు మంది పానకం తాగి వాంతులు చేసుకున్నారు. ఆ పానకం కలిపింది నేను. నీళ్లు మోసుకొచ్చింది నేను. కానీ దోషం నీళ్లది కాదు, బెల్లానిదీ కాదు. అది ఎక్కడుందో ఆ పొద్దు వాలకముందే తెలిసినవాళ్లు ఉన్నారు. తెలిసి కూడా మైకు పట్టుకుని నా పేరూ, నేను నీళ్లు తోడిన బావి పేరూ కలిపి చెప్పారు. మా ప్రాంతంలో మనిషిని దొంగ అన్నా కొన్నాళ్లకు మరిచిపోతారు. నీళ్లు చెడ్డవంటే మరిచిపోరు. కిడ్నీల జబ్బు చూసిన ఇళ్లు వీధివీధికీ ఉన్నచోట ఆ మాట ఊరికే పోదు.

ఆ ఊరి పేరు రాయను. ఆ ఊరి మీద నాకు కోపం లేదు. ఒక మనిషి మీద ఉండేది. అదీ ఇప్పుడు ఏ మేరకు ఉందో చివరికి మీకే తెలుస్తుంది.

పలాసలో క్యాటరింగు పెట్టుకున్న కుర్రాళ్లు ముగ్గురు ఈ ఉగాదికి మా ఇంటికి వచ్చారు. "మావా, నీకు తెలిసిందేదో కాయితం మీద పెట్టు. పెళ్లిల్లో రంగునీళ్లు పోసి పోసి మాకే సిగ్గేత్తంది" అన్నారు. సిగ్గు వేసిందంటే బాగుపడతారన్నమాట. అందుకే రాస్తున్నాను. ఎన్ని ఊళ్లలో చేశానో, ఎవరెవరు శాలువా కప్పారో రాయను. శాలువాలతో పానకానికి తీపి రాదు.

దాలమ్మత్త

నేను మూడో తరగతి దాకా చదివాను. తర్వాత చదువంతా బెల్లం చుట్టి వచ్చిన పాత పేపర్లలోనే. ఇరవయ్యేళ్లకి పలాస జీడిపప్పు బట్టీలో పనిచేసేవాణ్ణి. పొగకు దగ్గు పట్టుకుని పని మానేసి కూర్చుంటే, మా అమ్మ నన్ను తీసుకెళ్లి నిమ్మాడ దగ్గర ఉండే దాలమ్మత్తకు అప్పగించింది. దాలమ్మత్త మాకు చుట్టం కాదు. ఆ చుట్టుపక్కల అందరికీ అత్తే. ఉగాది వస్తే పచ్చడికీ, నవమి వస్తే పానకానికీ, వైశాఖం పెళ్లిళ్లలో మజ్జిగకూ, షర్బత్తుకూ ఆమెనే పిలిచేవారు.

మొదటి రోజు నేను కలిపిన పానకం ఆమెకిచ్చాను. ఒక గుక్క తాగి ఊరుకుంది. బాగుందా అత్తా అని అడిగాను.

"ఉండరా, ఇంకా రానేదు" అంది.

"ఏటి రాలేదత్తా?"

"మిరియం. నాలిక మీద సూసుకోకు. గొంతు దిగినాక పది లెక్కెట్టు. అప్పుడు ఎనక నుంచి ఎవలో భుజం తట్టినట్టు రావాల. నీది ముందే వచ్చి మొహం మీద కొట్టీసినాది."

మిరియాలు పొడి చేసి కలపడం నా అలవాటు. ఆమె కచ్చాపచ్చాగా దంచి, గుడ్డలో మూటకట్టి, బెల్లం నీళ్లలో మూడు గంటలు వేలాడదీసేది. శొంఠి మాత్రం మెత్తగా ఉండాలి. యాలకులు ఆఖరున. నిమ్మకాయ అయితే పోసే వేళకే పిండాలి, ముందు కాదు. ఎందుకని అడిగితే "మా అమ్మ అలగే సేసేది" అనేది. ఆ ఎందుకు నాకు చాలా ఏళ్ల తర్వాత, చాలా కష్టం మీద తెలిసింది.

ఆమె పెట్టిన నియమాల్లో ఒకదాన్ని మాత్రం ఇక్కడే చెప్పాలి. పాత్ర మారితే మళ్లీ రుచి చూడాలి. కుండలోంచి బిందెలోకి పోశావా, బిందెలోంచి ఒక గుక్క నువ్వు తాగు. బిందెలోంచి బకెట్లోకి వెళ్లిందా, మళ్లీ తాగు. ఎవరికైనా ఇచ్చే ముందు ఆ ఆఖరి పాత్రలోంచి నువ్వు తాగి ఉండాలి. "పొద్దున్న తాగినాను కదత్తా" అంటే ఒప్పుకునేది కాదు. "పొద్దున్న తాగినది వేరే పానకం" అనేది.

పదకొండేళ్లు ఆమె దగ్గర పనిచేశాను. తిట్లకు లోటు లేదు. ఒక్కసారి కూడా నలుగురి ముందు తిట్టలేదు. ఆమె నాకు ఇచ్చిన వాటిలో అన్నం ఒకటి, ఈ నియమం ఒకటి. మొదటిది నిలబెట్టుకున్నాను. రెండోది ఒక్కరోజు తప్పాను.

నీళ్లు

మీరు డబ్బా నీళ్లు తెప్పించుకుంటారు. మంచిదే. కానీ డబ్బా వచ్చిన ప్రతిసారీ ఒకేలా ఉందనుకోకండి.

నేను కొత్త ఊరికి వెళితే ముందు రోజే వెళ్లేవాణ్ణి. నాలుగు బావుల నీళ్లు చెంబుల్లో తెచ్చి, ఒక్కొక్కదానిలో పిడికెడు కందిపప్పు వేసి పొయ్యి మీద పెట్టేవాణ్ణి. ఏ నీళ్లలో పప్పు ముందుగా మెత్తబడితే అవే పానకానికి. ఉప్పదనం ఉన్న నీళ్లలో పప్పు రాళ్లలాగే మిగిలిపోతుంది. సముద్రం దగ్గర ఊళ్లలో ఒకే తోటలో ఒక బావి తియ్యగా, యాభై అడుగుల దూరంలో ఇంకో బావి ఉప్పగా ఉండటం నేను చూశాను. ఊళ్లో ఆడవాళ్లు నన్ను చూసి "ఈ మావ పానకానికొచ్చినాడా, పప్పుసారుకొచ్చినాడా" అని నవ్వేవారు. నవ్వనిచ్చాను. పప్పు ఉడికాక వాళ్లకే పెట్టేవాణ్ణి.

నేను చెప్పిన ఆ ఊళ్లో, ఊరి చివర కొబ్బరితోటలో ఒక బావి ఉంది. నేను చూసిన బావుల్లో పప్పు అంత త్వరగా ఉడికింది ఇంకెక్కడా లేదు. పద్నాలుగేళ్లు ఆ బావి నీళ్లతోనే వాళ్ల నవమి పానకం కలిపాను.

గొంతు పట్టిన సభ

నా తప్పులు కూడా రాయాలి కదా. ఇది సోంపేట వైపు ఒక పెళ్లిలో జరిగింది.

మా ఉద్దానంలో ఎండలు ముదిరే వేళకు జీడిమామిడి పళ్లు రాలి కుళ్లిపోతుంటాయి. గింజ తీసుకుని పండు పారేస్తారు. ఎర్రగా, రసంతో ఉండే పండు అలా మట్టిలో కలిసిపోతుంటే నాకు ప్రాణం ఒప్పేది కాదు. దాలమ్మత్త పోయిన మరుసటేడు, నా తెలివి చూపిద్దామని, ఆ పళ్లు పిండి పంచదారా అల్లమూ వేసి షర్బత్తు చేశాను. రంగు బాగుంది. వాసన బాగుంది. తాగిన పావుగంటకు పెళ్లివారందరూ గొంతులు సవరించుకోవడం మొదలుపెట్టారు. ఆ పండు రసానికి గొంతు గీరే గుణం ఉంది. గంజి కలిపి, ఆ గీర అడుగున పేరుకున్నాక పైన తేట వంచుకోవాలి. నాకు ఆ సంగతి తెలియదు.

ఆ పెళ్లికి ఒక నాయకుడు వచ్చి ఆశీర్వదిస్తూ మాట్లాడటానికి లేచాడు. ఆయన లేస్తే గంటకు తగ్గడని ప్రతీతి. ఆ రోజు "వధూవరులకు" అని, దగ్గి, మళ్లీ "వధూవరులకు" అని, దండం పెట్టి కూర్చున్నాడు. నేను వంట పాక వెనక తలదాచుకున్నాను. పెళ్లికూతురి తండ్రి వెతుక్కుంటూ వచ్చాడు. అయిపోయాననుకున్నాను.

"ఏటేసినావురా దాన్లో?" అన్నాడు.

చెప్పాను.

"మా పెద్దోడి పెళ్లికి కూడా నువ్వే రావాల" అన్నాడు. "ఆయన్ని కూడా పిలుత్తాం."

తప్పు చేసి మెప్పు పొందింది అదొక్కసారే. ఆ తర్వాత గంజి పట్టడం నేర్చుకోవడానికి నాకు రెండు వేసవులు పట్టింది. ఇప్పటికీ ఎవరైనా వస్తే నేర్పిస్తాను.

పందెం పద్ధతి

ఆ ఊరి పందేలు మామూలు పందేలు కావు. సరుగుడు తోటకూ సముద్రానికీ మధ్య తడి ఇసుక గట్టిపడిన చోట గుర్రాలు పరిగెత్తేవి. చుట్టుపక్కల నుంచి పదీ పన్నెండు గుర్రాలు వచ్చేవి. గెలిచిన గుర్రానికి దండా, రౌతుకు పంచెల చాపూ ఇచ్చేవారు. అది అన్నిచోట్లా ఉన్నదే. ఈ ఊళ్లో మాత్రం ఇంకో పద్ధతి ఉంది. పానకం మొదటి చెంబు ఆఖరున వచ్చిన రౌతుకి. ముందు పోయిన గుర్రాలన్నీ లేపిన ఇసుక ఆఖరివాడి గొంతులో ఉంటుంది కనుక. అతను తాగేదాకా పెద్దలు కూడా చెయ్యి చాచకూడదు.

ఇలాంటి పద్ధతి పెట్టిన మనుషులు ఎవరో నాకు తెలియదు. ఎవరైనా సరే, వాళ్లకు నా నమస్కారం.

గుర్రానికి కూడా ఉంది. మిరియం పడని బెల్లం నీళ్లు వేరే కుండలో పెట్టేవాణ్ణి. అయితే పరుగు ఆగగానే ఇవ్వకూడదు. కాసేపు నడిపించాలి. డొక్కలు ఎగరడం తగ్గాక, మూతి తడిపి, అప్పుడు కొంచెం కొంచెంగా పట్టాలి. ఇది నాకు నేర్పింది కామయ్య.

కామయ్యది డొంకూరు. సముద్రంలో చేపల వేట మనిషి. గుర్రం ఆయనది కాదు, ఇచ్ఛాపురం ఆసామి ఒకాయనది. స్వారీ మాత్రం ఈయనది. ఏటా ఆఖరు ఈయనే. ఒకసారి అడిగాను.

"ఏటి బావా, గుర్రం కుంటిదా, నువ్వు కుంటా?"

"గెలవడానికి వొచ్చినానన్నానేటి?" అన్నాడు కామయ్య, చెంబు కిందకి దించకుండానే. "నాను మొదటి చెంబుకొచ్చినాను. కళ్లెం పట్టి వొగ్గకుండా ఉండడం నీకు తెలవదు, ఎంత కష్టమో."

ఇత్తడి గుండిగ

ఆ ఏడు పందేలకు ఒక పెద్ద అతిథి వస్తున్నాడని కబురొచ్చింది. పందేల కమిటీకి పెద్ద ఆ ఊరి జగన్నాథం గారు. భూమి ఉన్న కుటుంబం, ఊళ్లో మాట చెల్లే మనిషి. చెడ్డవాడు కాదు. నాకు ఏటా కబురు పెట్టింది ఆయనే, పద్నాలుగేళ్లూ నాకు ఆయన ఇంట్లోనే భోజనం. ఇది కూడా రాయకపోతే అన్యాయం.

అతిథికి మట్టికుండల్లోంచి పోస్తే బాగుండదని ఆయనకు తోచింది. ఇంట్లోంచి తాతల నాటి ఇత్తడి గుండిగ తెప్పించి వేదిక మీద పెట్టించారు. చింతపండుతో తోమారేమో, బయట బంగారంలా మెరుస్తోంది. నేను వెళ్లి లోపలికి తొంగి చూశాను. కళాయి పోయింది. ఇత్తడి పాత్ర లోపల తగరం పూత ఉంటేనే అందులో పులుపు పొయ్యాలి. ఇందులో ఆ పూత అక్కడక్కడ మచ్చల్లా మిగిలింది. మెడ అతుకు దగ్గర పచ్చగా చిలుము ఉంది.

"బాబూ, లోపల కళాయి పోయినాది" అన్నాను.

"ఒరే అప్పలసామీ, రాములోరి కల్యాణానికి మా తాత ఇందులోనే పోయించీవోడు" అన్నారు ఆయన నవ్వుతూ. "నాకు సెప్తావేటి నువ్వు?"

పక్కనున్నవాళ్లు కూడా నవ్వారు. మూడు కుండల పానకం గుండిగలో పోయించారు. అప్పటికి ఉదయం తొమ్మిదయింది. అతిథి వచ్చేసరికి రెండు దాటింది. అంతసేపూ అది ఎండలో, వేదిక మీద, మూత వేసుకుని ఉంది.

పందెం అయింది. కామయ్య ఆఖరున వచ్చాడు. నేను కుండ దగ్గర చెంబు పట్టుకుని నిలబడ్డాను. "ఉండు, ఈ ఏడు వేదిక మీద ఇత్తాం, ఫోటో తీత్తారు" అని కామయ్యను పైకి పిలిచారు. పెద్దలందరూ గుండిగ చుట్టూ నిలబడ్డారు. ముందు అతిథికి ఇచ్చారు. ఆయన గ్లాసు పెదాలకు తాకించి, తనకు షుగరని కింద పెట్టేశాడు. తర్వాత కామయ్య తాగాడు. ఎండలో ఆగి ఆగి ఉన్నాడేమో, రెండు చెంబులు తాగాడు. తర్వాత, అతిథితో మాటల్లో ఉన్న జగన్నాథం గారు తప్ప, వేదిక మీదివాళ్లు తాగారు.

అరగంట పట్టలేదు. మొదట కామయ్య ఇసుకలో కూలబడ్డాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు. పదకొండు మందిని జీపులో పలాస తీసుకెళ్లి సెలైన్లు పెట్టించారు. మర్నాటికి అందరూ ఇళ్లకు వచ్చారు. దేవుడి దయ.

కింద జనం రెండు మూడు వందల మంది నా కుండల్లోంచి తాగారు. ఒక్కరికీ ఏమీ కాలేదు. కామయ్య గుర్రం నా కుండలోని బెల్లం నీళ్లు బకెట్టెడు తాగి, సరుగుడు చెట్టు కింద తోక ఆడిస్తూ నిలబడి ఉంది. అవే నీళ్లు, అదే బెల్లం. గుర్రాన్ని చూపించి చెబుదామని నేను వేదిక వైపు పరుగెత్తాను. అప్పటికే మైకులో వినిపిస్తోంది.

"పానకం నీళ్లు తోట బావివి. ఆ నీళ్లు పాడయినాయి. అప్పలసామి పానకం ఎవరూ తాగొద్దు."

జగన్నాథం గారి గొంతు.

నా కుండలు పద్దెనిమిది. నా ముందే పగలగొట్టారు. సాయంత్రానికి తోట బావి మీద ఎండు కొబ్బరిమట్టలు పరిచేశారు.

నన్ను నిలబెట్టినవాళ్లు

ఆ తర్వాత రెండేళ్లు టెక్కలి నుంచి సోంపేట దాకా నన్ను నవమికి ఎవరూ పిలవలేదు. దారిలో ఎదురైతే పలకరించేవారు. పిలిచేవారు కాదు. మా ఆవిడ ఇంట్లో పానకం కలిపితే మా వీధివాళ్లే గ్లాసు పట్టుకుని ఆలోచించేవారు.

ఆ రోజుల్లో నన్ను పిలిచింది సుభద్రమ్మ. ఇచ్ఛాపురంలో ఒరియా కుటుంబం. వాళ్లకు మేష సంక్రాంతి నాడు పొణా పెద్ద పండగ. మారేడు పండు గుజ్జు, పెరుగు, బెల్లం, కొబ్బరి కోరు, అరటిపండు, పైన మిరియం. ఆమెకు నా గొడవంతా తెలుసు. ఇచ్ఛాపురంలో తెలియనివాళ్లెవరు? వీధి చలివేంద్రంలో పోయడానికి ఆరు కుండల పొణా చెయ్యమంది.

"అమ్మా, నా నీళ్ల మీద మాట ఉంది" అన్నాను.

"నీళ్లు నావి, బావి నాది. సెయ్యి ఒకటే నీది" అంది ఆమె. "సెయ్యి మీద ఏదైనా మాట ఉందేటి?"

లేదన్నాను. మారేడు గుజ్జు చేత్తో పిసికి నార తియ్యాలి, మిక్సీలో వేస్తే గింజ నలిగి చేదొస్తుంది అని నాకు నేర్పిందీ ఆమే. ఇప్పటికీ మేష సంక్రాంతి నాడు ఆమె పేరు చెప్పుకుని మొదటి గ్లాసు తాగుతాను.

ఇంకొకరు కామయ్య. పదకొండు మందిలో అందరికన్నా ఎక్కువ బాధపడింది అతనే. మరుసటేడు, నవమి ముందు, సోంపేట సంతలో నేను నిమ్మకాయలు బేరమాడుతుంటే వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ పానకం ఉందేటి బావా?"

"ఇప్పుడెక్కడిది?"

"అయితే కలుపు."

సంతలో, అందరూ చూస్తుండగా, బస్టాండు పక్క టీకొట్టు వాడి బకెట్టు అడిగి, నా చేత బెల్లం నీళ్లు కలిపించి, నిలబడి మూడు గ్లాసులు తాగాడు. మూతి తుడుచుకుని చుట్టూ ఉన్నవాళ్లకు వినబడేలా అన్నాడు. "ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగింది ఏటో తెలుసా? ఏ గిన్నెలో తాగినారు అని. మా వోళ్లు ఎవలూ మాటాడలేదు. నా నోట్లో గొట్టం ఉన్నాది."

ఆ మాటతో నాకు దారి దొరికింది. టెక్కలిలో పాత పుస్తకాల కొట్టుకెళ్లి ఎనిమిదో తరగతి సామాన్యశాస్త్రం కొన్నాను. అర్థంకాని చోట బడి మాస్టారిని అడిగాను. పులుపు తగిలితే ఇత్తడిలో రాగి కరిగి దిగుతుంది, అది కడుపులో పడితే మొదట వచ్చేది వాంతే. దాలమ్మత్త వాళ్లమ్మకు పుస్తకం లేకుండానే తెలిసిన సంగతి. నిమ్మకాయ ముందు పిండొద్దని ఆమె అన్నది ఇందుకే. నేను ఆ రోజు పని తొందరలో తెల్లవారకుండానే అన్ని కుండల్లోనూ పిండేశాను. కుండలో ఉంటే ఏమీ అయ్యేది కాదు. కానీ పిండేశాను.

మెల్లగా పిలుపులు వచ్చాయి. పద్దెనిమిదేళ్లు మళ్లీ పనిచేశాను. ఆ ఊరు మాత్రం పిలవలేదు. అక్కడ పందేలు ఆగలేదు. పానకం బదులు కూల్‌డ్రింకు సీసాలు పంచారని, ఆఖరివాడికి చెంబు ఇవ్వడం మానేశారని కామయ్య చెప్పాడు. ఆయన కూడా స్వారీ మానేశాడు. "చెంబు లేనప్పుడు ఓడిపోవడం ఎందుకు బావా" అన్నాడు.

రెండేళ్ల కిందట మోకాళ్లు ఒప్పుకోక నేనూ పని వదిలేశాను.

ఉత్తరాలు

జగన్నాథం గారికి నేను ఎనిమిది ఉత్తరాలు రాశాను. రెండు మూడేళ్లకొకటి. సామాన్యశాస్త్రం పుస్తకంలో పేజీ నంబరుతో సహా రాశాను. గుర్రం సంగతి రాశాను. డాక్టరు అడిగిన మాట రాశాను. నాకు కావలసింది ఒక్కటే, బావి మంచిదని ఆయన నోటితో ఒక్కసారి మైకులో చెప్పడం. ఎనిమిదింటికీ జవాబు లేదు. ప్రతిసారీ ఇంకొంచెం ఘాటుగా రాశాను. ఆఖరిది రాసినప్పుడు మా ఆవిడ చదివి "ఇది ఉత్తరం కాదు, వంకాయ కారం" అంది.

ఈ ఉగాదికి కుర్రాళ్లు అడిగాక, ఈ కాగితాలు రాయడం మొదలుపెట్టి గుండిగ దగ్గరికి వచ్చాను. మూడు కుండలు గుండిగలో పోయించారు అని రాశాను. మీరు పైన చదివింది అదే. అక్కడ రెండు రోజులు కలం ఆగిపోయింది.

పోయించారు, సరే. పోసింది ఎవరు?

నేనే పోశాను. ఈ చేతులతో, కుండ తర్వాత కుండ ఎత్తి, చిలుము కళ్లతో చూసి కూడా, పోశాను. ఒకసారి చెప్పాను, వాళ్లు నవ్వారు, నేను ఊరుకున్నాను. రెండోసారి చెప్పలేదు. ఇంకోటి ఉంది. పాత్ర మారితే మళ్లీ రుచి చూడాలి. ఉదయం తొమ్మిది నుంచి రెండు దాకా ఆ గుండిగ పానకం ఒక్క గుక్క నేను తాగలేదు. పెద్దల గుండిగలో నా గ్లాసు ముంచితే ఏమంటారో అని వేదిక ఎక్కలేదు. తాగి ఉంటే నాలుక మీదే తెలిసేది. గుండిగను కాలితో తన్నైనా పారబోసేవాణ్ణి. కామయ్య ఇసుకలో పడేవాడు కాదు. బావి మీద మట్టలు పడేవి కావు.

ఎనిమిది ఉత్తరాల్లోనూ ఈ ముక్క రాయలేదు. నాకు తెలియక కాదు.

క్యాటరింగు చేసుకునే మీకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే. పాత్ర ఎవరిదైనా, వేదిక ఎవరిదైనా, అందులో పడిన పానకం నీదే. అది ఇంకొకరి గొంతులోకి వెళ్లేదాకా నువ్వు దాని పక్కనే ఉండాలి. వాళ్లు నవ్వితే మళ్లీ చెప్పు.

తొమ్మిదో ఉత్తరం రాశాను. పుస్తకం పేజీ లేదు, గుర్రం లేదు. పోసింది నేనని, నిమ్మకాయ ముందే పిండానని, రుచి చూడలేదని, ఒకసారే చెప్పి ఊరుకున్నానని రాశాను. అయినా నీళ్లు మంచివేనని ఒక్క వాక్యం రాశాను. పోస్టులో వేయకుండా కామయ్య చేత పంపాను. "ఈసారి కారం ఉందేటి?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే పట్టుకెళ్తాను" అన్నాడు.

నాలుగు రోజులకు జవాబు తెచ్చాడు. గుమ్మంలో నిలబడి, నేను చదివేదాకా మంచినీళ్లు కూడా అడగలేదు. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను. నన్ను ఆ ఇంట్లో ఎప్పుడూ ఒరే అప్పలసామీ అనే పిలిచేవారని గుర్తుంచుకుని చదవండి.

"అప్పలసామి గారికి,

చెయ్యి వణుకుతోంది, మా మనవరాలి చేత రాయిస్తున్నాను. సంతకం నాదే.

మీ ఉత్తరాలు తొమ్మిదీ నా పెట్టెలో ఉన్నాయి. ఎనిమిదింటిలో తప్పంతా నా ఒక్కడిదే అని ఉంది. నిజమే అయినా ఒక్కణ్ణే మోయలేక జవాబు రాయలేదు. ఈసారి మీరు మీ వాటా తీసుకున్నారు. మిగిలింది నాది. మీరు అనుకున్న దానికంటే అది ఎక్కువే. ఆ సాయంత్రం మైకు పట్టుకునే ముందే గుండిగ లోపల చెయ్యి పెట్టి చూశాను. వేళ్లకు చిలుము అంటింది. చెయ్యి కడుక్కుని వచ్చి మీ బావి పేరు చెప్పాను.

తోట బావి మీద మట్టలు తీయించాను. పూడిక తీయించాను. నిన్న ఆ నీళ్లతో మా కోడలు పిడికెడు కందిపప్పు పొయ్యి మీద పెట్టింది. మెత్తగా ఉడికింది. నవమి మర్నాడు ఈ సంగతంతా మైకులో నేనే చెబుతాను. గొంతు రాకపోతే ఈ కాగితం చదివిస్తాను. మీరు కుండలు తీసుకుని రండి. గుండిగ అటక మీద ఉంది, దించము.

మన పందెం పద్ధతి మీకు తెలుసు. ఇరవై రెండేళ్లకు ఆఖరున వచ్చింది నేను. నాకు ఒక చెంబు ఉంచండి."